ఓర్చుకొమ్మనుట వైద్యము కాదు

మన యిండ్లలో ఆడుపిల్లకు నేర్పబడు సద్గుణములలో ఓర్పు మొదటిది. ఆకలికి ఓర్చుకొనుట, మాటకు ఓర్చుకొనుట, నొప్పికి ఓర్చుకొనుట, ఈ మూడును నేర్చినదానిని బుద్ధిమంతురాలందురు. మొదటి రెండింటిని గుఱించి సంస్కారప్రియులు చిరకాలముగా వాదించుచునే యున్నారు. మూడవదానిని గుఱించి మాటలాడువారు మాత్రము తక్కువ. ఓర్పు గుణమే, కాదనువారెవరును లేరు. కాని నెలనెలా వచ్చి మనిషిని మంచమున బడవేసి, ఏటేట పెరుగుచు, కడుపులోని యవయవములను ఒకదానికొకటి అంటుకొనజేయగల నొప్పికి కారణమేమని విచారింపక, ఓర్చుకొమ్మని బోధించుట గుణబోధ యెట్లగును? అది మన నిర్లక్ష్యమునకు మనము పెట్టుకొన్న మంచి పేరు. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఒక్కటే: ముట్టునొప్పితో బాధపడు స్త్రీ వైద్యుని యెదుట తన బాధను తన నోటనే చెప్పుకొని, కారణము తేలువఱకు అడుగుచుండుట ఆమె హక్కు. ఆ హక్కును అడ్డగించు ఆచారములు ఎంత పాతవైనను విడువదగినవే.

ఈ మాట యే వ్యాధి విషయమునైనను చెప్పవచ్చును. కాని ఎండోమెట్రియోసిస్ అను వ్యాధి విషయమున చెప్పక తప్పదు. గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలము గర్భాశయమునకు వెలుపల, అనగా అండాశయములపైనను, గర్భాశయము వెనుకను, ప్రేగులపైనను, మూత్రాశయముపైనను పెరుగుటయే ఈ వ్యాధి. నెలనెలా శరీరమున జరుగు మార్పులకు ఆ కణజాలమును లోనగును. గర్భాశయములోని పొర ముట్టు రూపమున వెలికి పోవుటకు దారి గలదు. వెలుపల పెరిగినదానికి ఆ దారి లేదు. అందుచే అచ్చట వాపు పుట్టును, మచ్చలు కట్టును, అవయవములు అతుకుకొనును. అండాశయములలో పాతనెత్తురు నిండిన తిత్తులు ఏర్పడుటయు గలదు. రంగును బట్టి వానిని చాక్లెట్ తిత్తులని వైద్యులందురు. ముట్టునాటి తీవ్రమైన నొప్పి, ముట్టు కాని దినములలోను పొత్తికడుపున వదలని నొప్పి, దాంపత్యకాలమున లోలోపల కలుగు నొప్పి, ముట్టు దినములలో మలమూత్ర విసర్జనమందు బాధ, తీఱని అలసట, సంతానము కలుగమి, ఇవి దీని లక్షణములు. అందఱియందును అన్నియు కనబడవు. వ్యాధి యెంత వ్యాపించినదను దానికిని నొప్పి యెంత యున్నదను దానికిని పొంతన లేదు. స్వల్పముగా వ్యాపించినదానికి ప్రాణము విసిగించునంత నొప్పి యుండవచ్చును. విస్తారముగా వ్యాపించినదానికి నొప్పియే లేకపోవచ్చును.

ఇది అరుదైన వ్యాధియు గాదు, కొత్త వ్యాధియు గాదు. సంతానవయస్సునందున్న స్త్రీలలో నూటికి పదిమందికి, అనగా లోకమున సుమారు 19 కోట్లమందికి, ఇది కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కించుచున్నది. 1860లో వియన్నా నగరమున కార్ల్ ఫాన్ రోకిటాన్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి కణజాలమును వర్ణించెను. అమెరికాలో ఆల్బనీ నగరపు వైద్యుడు జాన్ శాంప్సన్, ముట్టునెత్తురు కొంత వెనుకకు మరలి కడుపులోనికి పోవుటయే దీనికి మూలమని 1927లో సిద్ధాంతము చేసెను. అట్లు మరలుట చాలమంది స్త్రీలలో జరుగుచునే యున్నందున, ఆ కారణమొక్కటియే చాలదని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మూలమింకను పూర్తిగ తేలలేదు. వ్యాధి యున్నదను మాట మాత్రము తేలి నూఱేండ్లు దాటినది.

అయినను ఒక స్త్రీకి నొప్పి మొదలైన నాటినుండి దాని పేరు తెలియు నాటివఱకు ఎన్నేండ్లు పట్టుచున్నది? బ్రిటనులో పార్లమెంటు సభ్యుల సంఘమొకటి 2020లో పదివేలమందికి పైగా రోగుల మాటలు సేకరించి విచారించినది. సగటున ఎనిమిదేండ్లు పట్టుచున్నదని తేలినది. వారిలో సగముకంటె ఎక్కువమంది పేరు తెలియుటకు ముందు తమ కుటుంబ వైద్యుని వద్దకు పదిమార్లకు మించి పోయిరి. రుసుము లేని ప్రభుత్వ వైద్యము, చదువుకొన్న స్త్రీలు, వీధివీధికి వైద్యుడు గల దేశమున సంగతి యిది. వైద్యులు లేక యీ యాలస్యము కలుగలేదు. వైద్యుని యెదుట కూర్చుండి చెప్పిన మాట చెవినబడలేదు.

ఈ వ్యాధికి మాట యెంత ముఖ్యమో తెలిసినగాని ఈ యాలస్యపు దోషము బోధపడదు. మధుమేహమును నెత్తురు పరీక్ష తేల్చును. విఱిగిన యెముకను ఎక్స్‌రే చూపును. ఎండోమెట్రియోసిస్‌ను నమ్మకముగా తేల్చు నెత్తురు పరీక్ష నేటికిని లేదు. సి.ఏ. 125 అను పరీక్షను దీని నిర్ణయమునకు వాడరాదని బ్రిటనులోను యూరపులోను వైద్యనిపుణుల మార్గదర్శకములు చెప్పుచున్నవి. కాబట్టి ఈ వ్యాధికి మొదటి సాక్ష్యము రోగి చెప్పు మాటయే. ఎప్పుడు నొప్పి, ఎచ్చట నొప్పి, ఏ పని చేయనీయని నొప్పి, అను నీ మూడును ఆమెకు దప్ప మఱెవరికిని తెలియవు. ఆమె నోరు మూయించినవాడు సాక్షిని వెడలగొట్టి వ్యాజ్యము కొట్టివేసిన న్యాయాధిపతి వంటివాడు.

ఇక మన యిండ్లలో ఆమె నోరు మూయించు మాటలను ఒక్కొక్కటిగా విచారింతము.

మొదటి మాట: "ఆడవాళ్ళందఱికీ ఉండేదేగా." ముట్టునాడు కొంత నొప్పి చాలమందికి ఉండుట నిజమే. వేడినీళ్ళ సంచికో, సొంఠి కషాయమునకో, ఒక మాత్రకో లొంగి, పనులను చెఱుపక పోవు నొప్పి వేఱు. నెలకు రెండు మూడు దినములు బడి మాన్పించునది, ఉద్యోగము మాన్పించునది, వాంతులు పుట్టించునది, మాత్రలకు లొంగనిది, ఏడాదికేడాది హెచ్చునది వేఱు. ఈ రెండింటికి నొక్కటే పేరు పెట్టి యొక్కటే సమాధానము చెప్పుట యెట్టి వివేకము? పిల్ల మార్కులు అంకె తప్పక లెక్కించు తండ్రి, ఆమె నెలకెన్ని దినములు బడి మానుచున్నదో యెన్నడైన లెక్కించెనా? "నాకూ ఇట్లాగే ఉండేదమ్మా" యని తల్లి ప్రేమతోనే చెప్పును. తాను పడిన బాధకు ఎవరును పేరు చెప్పకపోయినందున బిడ్డ బాధకును పేరు లేదనుకొనును. ఆమెను నిందింప బనిలేదు. కాని చదువరులు గమనింపవలసినదేమన, ఈ వ్యాధి దగ్గఱి బంధువులకున్నయెడల వచ్చు నవకాశము హెచ్చు. తల్లి యోదార్పుగా చెప్పిన యా మాట వైద్యుని చెవికి ముఖ్యమైన ఆధారము. దానిని వంటయింట చెప్పి యూరకుండక ఆసుపత్రిలో చెప్పవలెను.

రెండవ మాట: "పెండ్లయితే సర్దుకుంటుంది, ఒక బిడ్డ పుడితే అదే పోతుంది." పెండ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెండ్లి కుదరదను సామెతకు ఇంతకంటె చక్కని యుదాహరణము లేదు. దాంపత్యమును బాధాకరము జేయు వ్యాధికి పెండ్లి మందట! సంతానమును ఆలస్యము జేయగల వ్యాధికి సంతానము మందట! గర్భముతో నున్నపుడు కొందఱికి నొప్పి తగ్గుట కలదు. వ్యాధి పోవుట కాదు. కేవలము ఈ వ్యాధి చికిత్సకై గర్భము ధరింపుమని స్త్రీలకు సలహా నీయరాదని 2022లో యూరపు సంతానవైద్యుల సంఘము తన మార్గదర్శకములలో స్పష్టముగ వ్రాసినది. ఈ మాట వలన ఇంకొక కీడు గలదు. పదునైదవయేట మొదలైన నొప్పికి ఇరువదియైదవయేటి వఱకు వైద్యుని గడప త్రొక్కనివారు, పెండ్లయిన రెండేండ్లకు కడుపు పండలేదని పరుగెత్తుదురు. అప్పుడు స్కానింగులు, అప్పుడు పెద్ద డాక్టర్లు, అప్పుడు అప్పుచేసియైన చికిత్సలు! పదేండ్లు ఆమె యేడ్చిన యేడ్పు వినబడలేదు; వంశము నిలువదేమోనను భయము ఒక్కదినముననే వినబడినది. స్త్రీ శరీరమును ఆమె నివాసముగా గాక, రాబోవు బిడ్డకు విడిదిగా నెంచు బుద్ధికి ఇది ఫలము.

మూడవ మాట: "స్కానింగులో ఏమీ లేదన్నారు." ఈ మాట విని యెందఱో స్త్రీలు తమ నొప్పి తమ భ్రమయేమోనని తమ్ము తామే సందేహించుకొందురు. స్కానింగులో కనబడు రూపములు కలవు, కనబడని రూపములు కలవు. అండాశయపు తిత్తి సాధారణముగ కనబడును. పొత్తికడుపు పొరపై పలుచగ నంటిన మచ్చలు తఱచుగ కనబడవు. పరీక్షగాని, స్కానింగుగాని, ఎం.ఆర్.ఐ. గాని సరిగానున్నంత మాత్రమున ఈ వ్యాధి లేదని త్రోసివేయరాదని బ్రిటనులోని జాతీయ వైద్యప్రమాణ సంస్థ 2017లోనే విధించినది. లక్షణములు వదలనియెడల ఈ వ్యాధి చికిత్సయం దనుభవము గల నిపుణుల వద్దకు పంపవలెను. అవసరమైనచో బొడ్డువద్ద చిన్న రంధ్రము చేసి గొట్టముతో లోపల చూచు లాపరోస్కోపీ గలదు. పూర్వము దానితో చూచినగాని వ్యాధిని నిర్ణయింపలేమని తలచుచుండిరి. ఇప్పుడు లక్షణములను బట్టియు, స్కానింగును బట్టియు అనుమానించి, మందులతోనే చికిత్స నారంభింపవచ్చునని 2022నాటి యూరపు మార్గదర్శకములు ఒప్పుకొనుచున్నవి. అవివాహితయైన పిల్లకు లోపలినుండి చేయు స్కానింగు తగదనుకొన్నయెడల, పైనుండి చేయు స్కానింగు గలదు, ఎం.ఆర్.ఐ. గలదు. "పెండ్లి కాలేదు కాబట్టి చూడలేము" అను మాటతో విచారణ ముగియ నక్కఱలేదు.

నాల్గవ మాట, అన్నిటికంటె బలమైనది: "డాక్టరుగారికి ఎదురు ప్రశ్నలు వేస్తామా?" మన ఆసుపత్రులలో తఱచుగ కనబడు తీరు చూడుడు. రోగి కుర్చీలో కూర్చుండును. "ఏమమ్మా, ఎక్కడ నొప్పి?" యని డాక్టరమ్మ యడుగును. "నాలుగు రోజులనుంచి కడుపునొప్పి అంటోందండీ" యని భర్త బదులు చెప్పును. "దీనికి మొదటినుంచీ అంతే నమ్మా, సుకుమారం" అని అత్తగారు కలుపును. నాలుగేండ్ల నొప్పి నాలుగు దినములదాయెను. మలవిసర్జనకు పోయినప్పటి బాధ సిగ్గుచే మాయమాయెను. దాంపత్యకాలపు బాధ చెప్పు ప్రసక్తియే లేకపోయెను. వ్రాయబడిన మందుచీటి ఎవరి వ్యాధికి? భర్త చెప్పిన కథకు! వైద్యుని గౌరవింపవలసినదే. నిజమును దాచుట గౌరవమెట్లగును? వివరముగ విన్న వైద్యుడే సరిగ చూడగలడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదన్న సామెత నెఱిగిన మనము, అడుగకుండ వైద్యుడు సర్వము గ్రహింపవలెనని యెదురుచూచుచున్నాము.

తనకు బదులు ఇతరులు మాటలాడుట యెంతదూరము పోగలదో చూపు నిజమైన సంగతి మన దేశమున జరిగినది. 1995 మే నెలలో ఢిల్లీలో 44 ఏండ్ల అవివాహిత యొకతె అధిక రక్తస్రావమునకు కారణము తెలిసికొనుటకై వైద్యురాలి వద్దకు పోయెను. లాపరోస్కోపీ పరీక్షకు సమ్మతిపత్రము వ్రాసి యిచ్చెను. ఆమె మత్తులో నుండగా లోపల ఎండోమెట్రియోసిస్ కనబడెను. వెలుపల కూర్చున్న తల్లిని అడిగి, ఆమె సమ్మతితో, రోగి గర్భాశయమును, అండాశయములను, అండనాళములను తొలగించిరి. మెలకువ వచ్చినపిదపగాని ఆమెకు ఆ సంగతి తెలియలేదు. వ్యాజ్యము ఏండ్ల తరబడి సాగినది. రోగి మేలుకొఱకే చేసితినని వైద్యురాలు వాదించెను. 2008 జనవరి 16వ తేదీన భారత సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది: రోగనిర్ణయమునకిచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కానేరదు, ప్రాణాపాయము లేనప్పుడు, తన మేలు కీడులు తాను నిర్ణయించుకొనగల స్త్రీ మెలకువ వచ్చువఱకు ఆగి ఆమెనే అడుగవలెను, తల్లి సమ్మతి చెల్లదు. ఇప్పింపబడిన పరిహారము 25 వేల రూపాయలే. కాని స్థాపింపబడిన న్యాయము గొప్పది. మౌనమర్ధాంగీకారమను మాటకు వైద్యశాలలో చోటులేదని ఆ తీర్పుతో తేలిపోయినది. కన్నతల్లి సమ్మతియే చెల్లనిచోట, భర్త తలయూపుటయు అత్తగారి నిర్ణయమును చెల్లునా?

ఐదవ మాట: "పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకు? తీయించేసుకుంటే పోతుంది." ఇది మన తెలుగునాటికి ప్రత్యేకముగ తగిలిన మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో గర్భాశయము తొలగింపబడినవారు దేశమంతట నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశమున సుమారు తొమ్మండుగురు, తెలంగాణమున సుమారు ఎనమండుగురు. దేశమున మొదటి రెండు స్థానములు మనవే! కారణములలో మొదటిది ముట్టునాటి అధిక రక్తస్రావమో నొప్పియో. వీరందఱికి ఎండోమెట్రియోసిస్ ఉన్నదని నేను చెప్పుటలేదు. కొందఱికి ఆ శస్త్రచికిత్స నిజముగ నవసరమే. కాని నొప్పికి కారణమేమని విచారించు ఓపిక లేని సమాజము, నొప్పిగల యవయవమును కోసివేయుటకు మాత్రము ఇంత త్వరపడుట వింత గాదా? గర్భాశయమునకు వెలుపల పెరిగిన వ్యాధి, గర్భాశయమును తీసివేసినంతనే పోవునను నమ్మకము లేదు. వెలుపలిదానిని విడిచిపెట్టినచో నొప్పియు నిలువవచ్చును. అండాశయములను గూడ చిన్నవయస్సుననే తొలగించినయెడల ఎముకల బలము తగ్గుట మొదలగు నితర బాధలు ముందుగనే వచ్చిపడును. అనవసరముగ గర్భాశయములను తొలగించుటను అరికట్టుటకు కేంద్రప్రభుత్వము 2022లో మార్గదర్శకములు వెలువరించినది. వానిని అమలు జరుపుడని 2023 ఏప్రిలులో సర్వోన్నత న్యాయస్థానము రాష్ట్రములను ఆదేశించినది. ప్రభుత్వము మేలుకొన్నది. ఇల్లు మేలుకొనవలెను.

కాబట్టి బాధపడు సోదరి చేయవలసినదేమి? ఉపన్యాసములతో కడుపునొప్పి పోదు గనుక పనికివచ్చు మాటలు చెప్పెదను.

ముందుగా ఒక చిన్న పుస్తకము పెట్టుకొనవలెను. పాలలెక్క వ్రాసికొనునట్లే నొప్పిలెక్క వ్రాసికొనవలెను. ముట్టు వచ్చిన తేదీ, పోయిన తేదీ. నొప్పి పదింటికి ఎన్ని పాళ్ళు. ఎచ్చట మొదలై యెచ్చటికి ప్రాకినది. మలమూత్ర విసర్జనమందు బాధ గలదా. ఏ మాత్ర యెన్ని వేసికొన్నది, తగ్గినదా లేదా. ఆ దినమున చేయలేకపోయిన పని యేది. రెండు మూడు నెలలు వ్రాసిన ఆ పుస్తకము గంటసేపు చెప్పిన మాటలకంటె వైద్యునికి ఎక్కువ చెప్పును. "చాలా నొప్పి" యను మాటను త్రోసివేయుట సులభము. "మూడునెలలలో తొమ్మిది దినములు ఉద్యోగమునకు పోలేదు" అను మాటను త్రోసివేయుట కష్టము.

పిమ్మట ప్రశ్నలను వ్రాసికొని పోవలెను. నా బాధకు కారణమేమని మీ యభిప్రాయము? ఇది ఎండోమెట్రియోసిస్ కావచ్చునా? కాదన్నచో ఏ యాధారముచేత? ఈ మందు ఎన్ని నెలలలో గుణమీయవలెను? ఈయనియెడల తరువాత చేయవలసినదేమి? నన్ను ఈ వ్యాధి యెఱిగిన నిపుణుల వద్దకు పంపుదురా? ఇవి ఎదురు ప్రశ్నలు గావు. బట్టల దుకాణమున చీరె రంగు నిలుచునా యని నాలుగుమార్లు అడుగు స్త్రీ, తన దేహమును గుఱించి ఒక్కమారైన అడుగరాదా?

తోడుగ ఒకరిని తీసికొనిపోవుట మంచిదే. వచ్చినవారు ఆమె మఱచినదానిని గుర్తుచేయవలెనేగాని ఆమె మాటను తామెత్తుకొనరాదు. మొదటి కొన్ని నిమిషములు వైద్యురాలితో ఒంటరిగ మాటలాడెదనని రోగి కోరవచ్చును. ఇతరుల యెదుట నోట రాని మాటలు అప్పుడు వచ్చును. పరీక్షించువాడు పురుషుడైనచో మఱియొక స్త్రీ దగ్గఱ నుండవలెనని కోరవచ్చును. చీటీలు, స్కానింగు పత్రములు, శస్త్రచికిత్సలో తీసిన చిత్రములు అన్నియు ఒక సంచిలో భద్రపఱచుకొనవలెను. అడిగిన రోగికి వైద్యపత్రములను 72 గంటలలో ఈయవలెనని 2002నాటి భారత వైద్యమండలి నియమములలో నున్నది. మఱియొక వైద్యుని యభిప్రాయము తీసికొనుట రోగి హక్కని జాతీయ మానవహక్కుల సంఘము 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రమున గలదు. శస్త్రచికిత్సకు సంతకము పెట్టునపుడు ఏది తీయుదురు, ఏది తీయరు, లోపల మఱేమైన కనబడినయెడల నన్ను అడుగక ఏమి చేయరాదు, అని స్పష్టముగ వ్రాయించుకొనవలెను. అకస్మాత్తుగ భరింపరాని నొప్పి, మూర్ఛ, జ్వరము కలిగినచో, లేక గర్భమున్నదను నవకాశమున్నపుడు నొప్పియో రక్తస్రావమో కలిగినచో, ఈ పుస్తకములతో పనిలేదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

పేరు తెలిసినంతనే వ్యాధి పోవునా యని అడుగుదురేమో. పూర్తిగ పోగొట్టు మందు నేటికిని లేదు. కాని నొప్పి తగ్గించు మందులు కలవు. హార్మోను మాత్రలు కలవు. అవసరమైనచో వ్యాధిగల భాగమును మాత్రమే తొలగించు శస్త్రచికిత్స గలదు. సంతానము కోరువారికొక మార్గము, కోరనివారికొక మార్గము గలదు. పేరు తెలిసిన స్త్రీ ఈ మార్గములలో తనకు తగినదానిని ఎన్నుకొనగలదు. పేరు తెలియనిదానికి ఏ యెన్నికయు లేదు. ప్రతి ముట్టునొప్పియు ఈ వ్యాధియే కాదు. విచారింపగా మఱియొకటి తేలవచ్చును. తేలినది ఏదైనను తేలుటయే లాభము.

వైద్యులు ఒక న్యాయమైన యాక్షేపణ చెప్పుదురు. "ఒక పూటకు నూఱుమందిని చూడవలసిన మాకు ప్రతి రోగి కథను వినుటకు తీఱికెక్కడిది?" ప్రభుత్వాసుపత్రుల రద్దీ నేనెఱుగనిది కాదు. కాని యొక్కమారు పది నిమిషములు వినుటకు తీఱిక లేక పదిమార్లు ఒక్కొక్క నిమిషము చూచి పంపినచో మిగిలిన కాలమెంత? నొప్పిని నమ్ముటకు అదనముగ కాలమక్కఱలేదు. "ఇదంతా మనసులోదే" యను నాలుగు మాటలకు పట్టు కాలములోనే "నెలలో ఏ రోజుల్లో వస్తుంది?" అని అడుగవచ్చును.

ఇంతకంటె బరువైన యాక్షేపణ మఱియొకటి గలదు. నొప్పితో కృశించినదే లెక్కలు వ్రాసి, ప్రశ్నలు కూర్చి, చట్టములు చదివి, వైద్యునితో వాదింపవలెనా? చదువు రాని కూలిమనిషి, ఒక్కదినము పని మానినచో కూలి పోగొట్టుకొనునది, ఏమి చేయవలెను? ఈ యాక్షేపణ నిజము. తనకొఱకు తాను వాదించుకొనవలసి వచ్చుటయే మన లోపము. కూలి స్త్రీకి ఈ భారము తగ్గవలెనన్నచో, బడిలో ఆడుపిల్లలకు ముట్టును గుఱించి చెప్పునపుడే ఏ నొప్పి సహజము, ఏది కాదో చెప్పవలెను. ఊరికి వచ్చు ఆశా కార్యకర్తకు ఈ వ్యాధి పేరు తెలియవలెను. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో అడుగు ప్రశ్నలలో ముట్టునొప్పి ప్రశ్న యుండవలెను. అంతవఱకు చదువుకొన్న స్త్రీ నోరు విప్పుట తనకొఱకే కాదు. ఒకతె అడిగిన ప్రశ్నను వైద్యుడు తరువాత వచ్చిన పదిమందిని తానే అడుగును. దారి లేని పొలమున మొదట నడచినవారి యడుగులే తరువాత కాలిబాట యగును.

కడపట ఇంటి పెద్దలతో ఒక మాట. మీ యింట ఆడుపిల్ల నెలకు మూడుదినములు గోడవైపు తిరిగి పండుకొనుచున్నయెడల ఆమె సుకుమారి యని తీర్పు చెప్పకుడు. ఎన్నాళ్ళనుండి యని అడుగుడు. ఆమె చెప్పినది నమ్ముడు. ఆసుపత్రికి తోడు పొండు, అచ్చట ఆమెను మాటలాడనిండు, ఖర్చుకు వెనుదీయకుడు. కోడలికి నొప్పి యన్నపుడు సంతానమెప్పుడని అడుగకుడు. ఓర్పును ఇంక కొన్నాళ్ళు మీరు నేర్చుకొనుడు: వినుటకు ఓర్పు, కారణము తేలువఱకు తిరుగుటకు ఓర్పు, ఆమె నిర్ణయము మీకు నచ్చనపుడు ఊరకుండుటకు ఓర్పు. నొప్పి భరించు ఓర్పును ఆమె పదేండ్లు చూపినది. ఆమె వంతు తీఱినది.